మందులకు లొంగని మూత్రమార్గ సంక్రమణ

మూత్రపిండాలు, మూత్రాశయం, మూత్రనాళాలలో సూక్ష్మజీవుల వలన కలిగే వ్యాధిని మూత్రమార్గ సంక్రమణ అంటారు. వాడుకలో దీనిని యూరిన్ ఇన్ఫెక్షన్ అని పిలుస్తారు. సాధారణ యాంటీబయాటిక్ మందులను తట్టుకొనే శక్తి గల బాక్టీరియా వలన ఇది వచ్చినప్పుడు మందులకు లొంగని సంక్రమణగా పరిగణిస్తారు. ఇది పురుషులలో కంటే స్త్రీలలో అధికం. మధుమేహ రోగులకు, మూత్రగొట్టం అమర్చినవారికి కూడా ముప్పు ఎక్కువ.

కారణాలు

ఈ వ్యాధికి ముఖ్య కారకం పేగులలో నివసించే ఈ.కోలి అనే బాక్టీరియా. క్లెబ్సియెల్లా రెండవ ముఖ్య కారకం. ఇవి ఈ.ఎస్.బి.ఎల్. అనే ఎంజైములను తయారుచేసి పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులను విరగగొడతాయి. అంతకంటే ప్రమాదకరమైన ఎన్.డి.ఎం.-1 అనే ఎంజైము గురించి 2009లో ప్రకటించారు. ఇది కార్బపెనెమ్ మందులను కూడా నిర్వీర్యం చేస్తుంది. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్ళిన రోగి మూత్రంలోని క్లెబ్సియెల్లాలో దీనిని తొలిసారి గుర్తించారు.

అవసరం లేకున్నా యాంటీబయాటిక్స్ వాడటం, మోతాదు పూర్తి చేయకుండా మధ్యలో మానివేయడం నిరోధకతను పెంచుతాయి. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు కూడా ఒక కారణం. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించారు. మూత్రమార్గ సంక్రమణకు విరివిగా వాడిన మందులలో ఇది ఒకటి.

చికిత్స

పాత మందులలో నైట్రోఫ్యురంటాయిన్, ఒకే మోతాదుగా ఇచ్చే 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ మూత్రాశయ సంక్రమణకు ఇప్పటికీ ఉపయోగపడుతున్నాయి. వ్యాధి మూత్రపిండాలకు పాకితే ఇవి చాలవు.

కొత్తగా అనుమతి పొందిన మందులు:

* సెఫిడెరోకాల్ (అమెరికా, 2019): ఇనుమును అంటిపెట్టుకొని, దాని వెంటే బాక్టీరియా లోపలికి ప్రవేశిస్తుంది.
* సెఫెపిమ్-ఎన్‌మెటజోబాక్టమ్ (అమెరికా, 2024): ఇందలి ఎన్‌మెటజోబాక్టమ్‌ను చెన్నైకి చెందిన ఆర్కిడ్ సంస్థ కనుగొన్నది. ఇది ఈ.ఎస్.బి.ఎల్.ను అడ్డుకుంటుంది గాని ఎన్.డి.ఎం.ను అడ్డుకోలేదు. 2022లో ప్రచురితమైన పరీక్షలో 79.1 శాతం మందిలో ఫలితమివ్వగా, పోల్చి చూసిన పాత మందు 58.9 శాతం మందిలో పనిచేసింది.
* అజ్ట్రియోనామ్-ఎవిబాక్టమ్ (ఐరోపా, 2024): ఎన్.డి.ఎం. గల బాక్టీరియాపై కూడా పనిచేయగలదు.
* పివ్‌మెసిల్లినామ్, సులోపెనెమ్ (అమెరికా, 2024): నోటి ద్వారా తీసుకొనే మాత్రలు. మొదటిది ఐరోపాలో దశాబ్దాలుగా వాడుకలో ఉంది.
* జెపోటిడాసిన్ (అమెరికా, 2025): కొత్త తరగతికి చెందిన మాత్ర. బాక్టీరియా డి.ఎన్.ఏ. ప్రతిరూపాన్ని అడ్డుకుంటుంది. సాధారణ మూత్రాశయ సంక్రమణకు 12 ఏళ్ళు, ఆపై వయసు గల స్త్రీలకు దీనిని అనుమతించారు.

మొదటి మూడూ నరం ద్వారా ఎక్కించే మందులు. కనుక వీటికి ఆసుపత్రి అవసరం.

నిజామాబాదు ప్రాంతంలో ప్రాముఖ్యత

నిజామాబాదు, బోధన్ పరిసరాలు చెరకు సాగుకు ప్రసిద్ధి. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో స్థాపితమై 2015లో మూతపడింది. ఎండలో పొలం పనిచేసేవారు నీరు తక్కువగా త్రాగడం, మరుగుదొడ్డి సౌకర్యం లేక స్త్రీలు మూత్రాన్ని ఆపుకోవడం సంక్రమణకు దోహదపడతాయి. నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది.

నివారణ, జాగ్రత్తలు

యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే మూత్రాన్ని కల్చర్ పరీక్షకు ఇస్తే ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజులలో తెలుస్తుంది. చలి జ్వరం, నడుము ప్రక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆలస్యం చేయరాదు. బాధ ఏమీ లేనప్పుడు మూత్రంలో బాక్టీరియా కనిపించినంత మాత్రాన, గర్భిణీ స్త్రీలు వంటి కొందరికి తప్ప, సాధారణంగా చికిత్స అవసరముండదు. పదేపదే వచ్చేవారికి మెథనమైన్ హిప్యురేట్ అనే మందు రోజూ ఇచ్చే యాంటీబయాటిక్‌కు దీటైన ప్రత్యామ్నాయమని 2022లో బ్రిటన్ పరిశోధన తెలిపింది. భారతదేశంలో 2014 నుండి అనేక ముఖ్య యాంటీబయాటిక్స్ హెచ్1 షెడ్యూలు క్రిందకు వచ్చాయి. వీటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు.