జేబులోకి వచ్చిన హాజరు పట్టీ

2022 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో హాజరు పట్టీ ఉపాధ్యాయుల సొంత సెల్‌ఫోన్లలోకి చేరింది. ముఖ గుర్తింపు యాప్‌ను ఫోన్లో వేసుకుని, బడిలో నిలబడి తన ఫొటో తానే తీసుకుంటేనే హాజరు. ఉపాధ్యాయ సంఘాలు ఎదురు తిరిగాయి. హాజరు వేయబోమని అవి అనలేదు. ప్రభుత్వమే పరికరాలు ఇస్తే వాటిలో వేస్తామన్నాయి. ఫోను కొన్నది ఉపాధ్యాయుడు, డేటాకు డబ్బు కట్టేది ఉపాధ్యాయుడు. అందులోకి శాఖ ఏ అధికారంతో వస్తుందన్నది వారి ప్రశ్న. నాటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ సంఘాలతో మాట్లాడారు, శిక్షణ పేరిట కొన్నాళ్ల వెసులుబాటు దొరికింది. వేళకు బడికి రానివారి గగ్గోలుగా దీన్ని కొట్టిపారేసిన వారికీ కొదవ లేదు. కానీ పంతుళ్ల ప్రశ్నకు మూలం అరవై ఏళ్ల కిందటిది. దానికి దారి చూపిన న్యాయమూర్తి పుట్టింది రాజమహేంద్రవరంలో.

దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టడం, రాకపోకలు రాసుకోవడం అందులో భాగం. 1962లో ఆరుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం రాత్రి తనిఖీలను కొట్టివేసింది. మిగతా నిఘాను మాత్రం నిలబెట్టింది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నది మెజారిటీ మాట. జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించారు, జస్టిస్ జె.సి. షా ఆయన పక్షాన నిలిచారు. ఎవరో కనిపెట్టి చూస్తున్నారన్న ఎరుకతో తిరిగే మనిషికి, చేతులకు సంకెళ్లు లేకపోయినా, స్వేచ్ఛ ఉన్నట్టు కాదన్నది సుబ్బారావు వాదన సారం. పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, ఆ పాత తీర్పును ఆ మేరకు తోసిపుచ్చింది 2017 ఆగస్టు 24న. ఒక తెలుగు న్యాయమూర్తి భిన్నాభిప్రాయం గెలవడానికి యాభై అయిదేళ్లు పట్టింది.

ఈ యాభై అయిదేళ్లలో న్యాయస్థానాల చూపు ప్రధానంగా రాజ్యం మీదే ఉంది. ఫోన్ల ట్యాపింగ్‌కు అప్పట్లో ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు దానికి కళ్లెం వేసింది: హోం కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు ఉండాలి, రెండు నెలల గడువు ఉండాలి, సమీక్షా సంఘం చూడాలి. ఇంట్లోనైనా ఆఫీసులోనైనా ఫోను సంభాషణ గోప్యమేనని కూడా అన్నది. యజమాని అన్న పాత్ర ఆ కథలో లేదు. ఉండవలసిన అవసరమూ అప్పట్లో కనిపించలేదు. యజమాని ఫోను ఆఫీసు బల్ల మీద ఉండేది, సాయంత్రం దాన్ని అక్కడే వదిలి ఉద్యోగి ఇంటికి పోయేవాడు.

స్మార్ట్‌ఫోను ఆ గీతను చెరిపేసింది. ఖాతా సంస్థది, పరికరం ఉద్యోగిది. 2010లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2లోనే సంస్థలకు ఒక సదుపాయం దక్కింది: ఉద్యోగి ఆఫీసు మెయిల్‌ను తన ఫోనుకు జోడించి, తెర మీద వచ్చిన అనుమతికి సరేనంటే, సంస్థ ఆ ఫోనుకు దూరం నుంచే తాళం వేయగలదు, మొత్తం చెరిపేయగలదు. పిల్లల ఫొటోలూ అందులోనే పోతాయి. 2014లో ఆండ్రాయిడ్ 5.0 ఫోనును రెండు గదులు చేసింది. సంస్థ తన గదిని తుడిచేసుకోవచ్చు, రెండో గదిలోకి తొంగిచూడలేదు. అంటే గోడ కట్టడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. కట్టమని యజమానిని నిలదీసే చట్టమే లేదు.

ఆ లోటు దేశమంతటికీ కనిపించింది 2020లో. ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరూ ఆరోగ్యసేతు యాప్ వాడాలని, నూటికి నూరు శాతం వాడేలా చూసే బాధ్యత సంస్థాధిపతిదేనని మే 1న కేంద్ర హోం శాఖ ఆదేశించింది. బ్లూటూత్‌తోనూ, ఉన్నచోటి వివరాలతోనూ పనిచేసే యాప్ అది. దానికోసం పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద వచ్చిన ఉత్తర్వే ఆధారం. మే 17న ఆ భాష సడలి, సాధ్యమైనంత మేర ప్రయత్నించాలన్న దగ్గర ఆగింది. కరోనా తగ్గింది గానీ అలవాటు పోలేదు. ఉపాధి హామీ పనుల్లో మేట్లు రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు తీసి పంపే పద్ధతి, వ్యక్తిగత లబ్ధి పనులు మినహా, 2023 జనవరి 1 నుంచి అంతటా తప్పనిసరైంది. చాలాచోట్ల ఆ ఫోన్లు మేట్ల సొంతవే.

చట్టం లేదనడం కన్నా, చేతికి అందినట్టే అంది జారిపోయిందనడం సబబు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా ఒక నిజాన్ని గుర్తించింది: జీతమిచ్చేవాడు అడిగే సమ్మతి నిజమైన సమ్మతి కాకపోవచ్చు. అందుకే హాజరు, పనితీరు వంటి కొన్ని అవసరాలకే, అదీ సమ్మతి తీసుకోవడం తగని చోటో మరీ శ్రమ అయిన చోటో మాత్రమే మినహాయింపు ఇచ్చింది. 2019 బిల్లు కూడా సున్నిత సమాచారాన్ని ఆ మినహాయింపుకు వెలుపలే ఉంచింది. బయోమెట్రిక్ వివరాలు, అంటే ముఖం కూడా, సున్నిత సమాచారమే. ఆ బిల్లును కేంద్రం 2022 ఆగస్టు 3న ఉపసంహరించుకుంది. సరిగ్గా పదమూడు రోజులకు ఆంధ్రలో పంతుళ్ల ముఖాలతో హాజరు మొదలైంది. రెంటికీ సంబంధం లేదు, తేదీలు మాత్రం అలా కలిశాయి.

ఏడాది తర్వాత వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో సున్నిత సమాచారమన్న వర్గమే లేదు. ఏడో సెక్షన్ ప్రకారం ఉద్యోగ ప్రయోజనాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడే పనులకూ సమ్మతి అక్కరలేదు. పాత షరతులు పోయాయి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. చట్టంలో పెద్దగా చర్చకు రాని మెలిక ఒకటుంది. తన గురించి ఏమేం సేకరించారో అడిగే హక్కును పదకొండో సెక్షన్, దిద్దించే, తొలగింపజేసే హక్కును పన్నెండో సెక్షన్ ఇస్తున్నాయి. రెండూ సమ్మతి ఇచ్చినవారికే. ఉద్యోగ ప్రయోజనం పేరిట ముఖాన్ని తీసుకుంటే, ఆ ముఖం ఎక్కడుందని అడగడానికి ఉపాధ్యాయుడికి ఈ రెండు సెక్షన్లలో చోటు లేదు.