పక్క కణానికి పాకే నిరోధకత

బ్యాక్టీరియాలు రెండుగా చీలి పెరగడమే తప్ప జన్యువులు ఇచ్చిపుచ్చుకోవన్నది 1946 దాకా చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. ఆ ఏడాది యేల్ విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ల జోషువా లెడర్‌బర్గ్, తన గురువు ఎడ్వర్డ్ టాటమ్‌తో కలిసి, ఈ.కోలి బ్యాక్టీరియాలో రెండు ఉత్పరివర్తిత రకాలను ఒకచోట పెంచాడు. వేర్వేరు పోషకాలను సొంతంగా తయారుచేసుకోలేని ఆ రెండూ కలిసినచోట, ఏ లోపమూ లేని కణాలు కొన్ని పుట్టుకొచ్చాయి. 1950లో బెర్నార్డ్ డేవిస్ ఆ రెండింటి మధ్య సన్నని వడపోత అడ్డుపెట్టాడు. ద్రవం అటూ ఇటూ పోగలిగినా కణాలు తాకలేని ఆ ఏర్పాటులో కొత్త కణం ఒక్కటీ రాలేదు. అంటే స్పర్శ తప్పనిసరి. ఇదే సంయుగ్మం.

ఇందులో ఇచ్చేది ఒకటి, పుచ్చుకునేది మరొకటి అని 1952లో తేల్చినవాడు విలియం హేస్. ఒక రకాన్ని స్ట్రెప్టోమైసిన్‌తో దెబ్బతీసినా మార్పిడి జరిగింది. రెండోదాన్ని దెబ్బతీస్తే ఆగిపోయింది. దాతకు ఆ శక్తినిచ్చేది ఎఫ్ కారకం అనే చిన్న వలయాకార డీఎన్‌ఏ. క్రోమోజోమ్‌తో పని లేకుండా తనంతట తాను ప్రతులు వేసుకునే ఇలాంటి డీఎన్‌ఏనే ప్లాస్మిడ్ అంటారు. దాత కణం పైలస్ అనే సన్నని పోగు చాచి పక్క కణాన్ని దగ్గరికి లాక్కుంటుంది. ప్లాస్మిడ్ రెండు పోగుల్లో ఒకటి తెగి అవతలికి జారుతుంది. రెండుచోట్లా జత పోగు తయారవుతుంది. ఇచ్చినదానికి తరుగు లేదు, పుచ్చుకున్నది తానూ దాత అయి కూర్చుంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

వైద్యులకు ఆ ప్రమాదం జపాన్‌లో, కొత్త మందులు వచ్చిన కొద్ది ఏళ్లకే అనుభవమైంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా సారథ్యం వహించిన అమెరికా ఔషధ సంస్థ లెడర్లీ నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఏడేళ్లు తిరిగేసరికి, 1955లో, జపాన్‌లో రక్త విరేచనాల రోగి నుంచి తీసిన షిగెల్లా బ్యాక్టీరియాపై టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, సల్ఫా మందులు నాలుగూ పనిచేయలేదు. విడివిడి ఉత్పరివర్తనాలు ఒకే కణంలో ఇలా పోగుపడటం దాదాపు అసంభవం. 1959లో జపాన్ శాస్త్రవేత్తలు ఒచియాయి, అకిబాల బృందాలు చిక్కు విప్పాయి: నాలుగు నిరోధకతలూ ఒకే మూటగా షిగెల్లాకూ ఈ.కోలికీ మధ్య సంయుగ్మం ద్వారా మారుతున్నాయి. మనిషి పేగులోని నిరపాయమైన బ్యాక్టీరియా కూడా ఆ మూటకు గిడ్డంగి కాగలదు. మన దేశంలోనూ 1972లో కేరళలోని కాలికట్‌లో, ఇలా పక్క కణానికి మారగల నిరోధకతతో, క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. అప్పటికి టైఫాయిడ్‌కు ప్రధానమైన మందు అదే.

ఆసుపత్రి గోడల బయట ఈ కథ ఎలా నడుస్తుందో చూపింది మెదక్ ప్రాంతపు పటాన్‌చెరు. దాదాపు 90 ఔషధ కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఎన్నో బ్యాక్టీరియాలను చంపడానికి అందులో వెయ్యోవంతు కూడా చాలు. ఆ నీరు కలిసే వాగు అడుగు మట్టిలో నిరోధక జన్యువులతో పాటు వాటిని మోసే ప్లాస్మిడ్లూ విస్తారంగా ఉన్నాయని 2011 అధ్యయనం తేల్చింది. తరువాత దగ్గర్లోని కాజీపల్లి చెరువు మట్టి నుంచి, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులైన ఫ్లోరోక్వినలోన్లకు నిరోధకతనిచ్చే ప్లాస్మిడ్లను ప్రయోగశాలలో ఈ.కోలిలోకి పట్టగలిగారు. కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. తుది నిబంధనల్లో అవి కనబడలేదు.

చివరి అస్త్రమైన కొలిస్టిన్‌ను ఓడించే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 2015 చివర్లో చైనా పరిశోధకులు కనుగొన్నారు. కోళ్ల దాణాలోనూ వాడుతూ వచ్చిన ఆ మందును ఆహార జంతువులకు ఇవ్వడాన్ని భారత్ 2019లో నిషేధించింది.

సంయుగ్మాన్నే అడ్డుకునే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. లినోలిక్ ఆమ్లం వంటి కొన్ని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ప్లాస్మిడ్ మార్పిడిని తగ్గించాయి. పైలస్‌కు అంటుకుని దాతలనే ఎంచి సోకే ఫేజ్ వైరస్‌లున్నాయి. వాటి దాడి నుంచి బయటపడిన కణాల్లో కొన్ని ప్లాస్మిడ్‌ను, దానితో నిరోధకతను పోగొట్టుకున్నవే. ఎంచుకున్న జన్యువును తెగ్గొట్టే క్రిస్పర్ కత్తెరను సంయుగ్మ ప్లాస్మిడ్ మీదే ఎక్కించి, నిరోధక జన్యువున్న కణంలోకి పంపే పద్ధతి కూడా ప్రయోగశాలలో ఫలించింది. రోగికి ఇచ్చే మందుగా ఇవేవీ ఇంకా మారలేదు.