బావి చుట్టూ గచ్చు, బోరు చుట్టూ సందు

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలోని మెట్లబావి దశాబ్దాల పాటు చెత్తకింద పూడిపోయి, పూడిక తీశాక 2022 డిసెంబరు 5న మళ్ళీ జనం ముందుకు వచ్చింది. దాని మెట్లను, రాతి స్తంభాలను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోదగినవే. అయితే చరిత్ర రాసేవాళ్ళు ఇంకో సంగతి కూడా అడగాలి. అంత చెత్త బరువును, అన్నేళ్ళ మురుగును మోసి కూడా ఆ గోడలు చాలావరకు ఎలా నిలిచాయి? బావి 17వ శతాబ్దపుదంటారు. 1933లో బ్రిటిష్ రెసిడెంట్ కీస్ హయాంలో పేటతోపాటు దాన్నీ బాగుచేశారు. అంతకాలం నిలవడానికి రాయి గట్టిదనం ఒక్కటే కారణం కాదు. బావులు కట్టినవాళ్ళకు నీటిని ఎక్కడ రానివ్వాలో, ఎక్కడ ఆపాలో తెలుసు. తవ్వడం ఎంత పనో, మూయాల్సిన చోట మూయడమూ అంతే పని అన్న ఎరుక ఆ వృత్తిలో ఉండేది. బోరు వచ్చాక మన ఊళ్ళో కరువైంది నీళ్ళకన్నా ముందు ఆ ఎరుకేనని నా వాదన. మణుగూరు దగ్గర భూమి లోపలి వేడి కోసం బోర్లవైపు చూస్తున్న ఈ కాలంలో ఆ నష్టం చిన్నది కాదు.

రాతికట్టు బావిలో కింది వరుసలను సున్నం పెట్టకుండా రాయి మీద రాయి పేర్చేవాళ్ళు. ఊట ఆ సందుల్లోంచే లోపలికి దిగాలి. నేలమట్టం దగ్గరయ్యే కొద్దీ పనిలోకి సున్నం వచ్చేది. పైన గట్టు, దాని చుట్టూ బయటికి వాలుగా చప్టా, రెండింటి మీదా గచ్చు. ఒలికిన నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు, వీధిలో పారే వాననీళ్ళు తిరిగి బావిలోకి పోకూడదు. ఆ గచ్చు వెనుక పెద్ద శ్రమ ఉంది. కాల్చిన సున్నాన్ని తడిపి మాగబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరితే డంగు సున్నం తయారయ్యేది. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళు. సున్నం మామూలుగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ రాయిలా మారుతుంది. బావిగోడ తడిలో ఆ గాలి సరిగ్గా అందదు కాబట్టి అక్కడ ఇటుక పొడి ఆదుకుంటుంది. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి నీటిలో ఉండగానే గట్టిపడుతుంది. రోమన్లు అగ్నిపర్వత బూడిదతో రేవుగోడలు కట్టింది ఇదే రసాయనంతో. ఇలా తయారైన గచ్చు సిమెంటంత గట్టిది కాదు. కానీ వేసవిలో ఎండి, వానల్లో తడిసే గోడతోపాటు అది కొద్దిగా సర్దుకుంటుంది. వెంట్రుకవాసి పగుళ్ళు పడితే తడికి కరిగిన సున్నమే అక్కడ పేరుకుని వాటిని పూడుస్తుంది. దాని మన్నికకు ఈ గుణమే మూలం, బిగువు కాదు.

ఇది పాతకాలం మీద మమకారం కాదా అని ఎవరైనా అడగవచ్చు. సున్నం పనికి నెలలు పట్టేది, మంచి గానుగ సున్నం డబ్బున్నవాళ్ళకే దక్కేది, నాసిరకం గచ్చు రెండు వానలకే పెచ్చులూడేది. ఇవన్నీ నిజమే. తెరిచిన బావి ఆరోగ్యానికి మంచిది కాదన్న మాటా నిజమే. 1897లో రొనాల్డ్ రాస్ దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టింది ఈ సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత మూతలేని బావిని అనుమానంగా చూడడం సహజం. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చి, 1965లో మంజీర నీళ్ళు కూడా అందాక ఇంటి బావితో అవసరం తగ్గింది. కాబట్టి బావులు పోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. వాటితోపాటు పోనక్కర్లేనిది ఒకటి పోయిందంటున్నాను.

అది పోయింది బోరు రిగ్గుల కాలంలో. సికింద్రాబాద్ నిలుచున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు మీద. పైన కొన్ని మీటర్లు చివికిన రాయి, దాని కింద పగుళ్ళున్న రాయి, ఆ కింద నీటిచుక్క దొరకని బండ. ఇలాంటి నేలలో లోతుకు పోవడం చాలాకాలం అసాధ్యంగానే ఉండేది. 1967 కరువులో యూనిసెఫ్ గాలి సుత్తితో రాయిని పొడిచే రిగ్గులను దేశానికి తెప్పించాక పరిస్థితి మారింది. నెలల పని గంటల పనైంది. బోరు వేసేవాళ్ళు చివికిన పొర దాటేదాకా కేసింగ్ పైపు దించుతారు. గట్టిరాయి తగిలాక పైపు ఆపేసి ఉత్త రంధ్రంగానే కిందికి పోతారు. పైపుకూ నేలకూ మధ్య ఉండే సందును సిమెంటు పాలతో నింపాలి. మన వీధుల్లో మామూలుగా జరిగేది మట్టి తోసి వదిలేయడం. సరుకు దొరక్క కాదు, సిమెంటు ప్రతి కొట్లోనూ ఉంది. బోరు కూలి అడుగుల లెక్క. తవ్విన అడుగుకు ఇంత, దించిన పైపు అడుగుకు ఇంత. సందు పూడ్చిన పనికి ఆ లెక్కలో చోటు లేదు. వెల కట్టని పని వృత్తిలోంచి జారిపోతుంది.

గ్రానైటు నిండా పగుళ్ళే ఉన్నప్పుడు, ఒక్క బోరు చుట్టూ సందు పూడిస్తే మురుగు ఆగుతుందా అని భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్ళు అడుగుతారు. పూర్తిగా ఆగదు. కానీ చివికిన పొరగుండా మెల్లగా దిగే నీటిని మట్టి కొంతైనా వడపోస్తుంది. పైపు పక్క సందు ఆ వడపోతను తప్పించి మురుగును నేరుగా పగుళ్ళకు చేరుస్తుంది. నగరంలో ఉన్నన్ని బోర్లు అన్ని దొంగదారులు. 2010లో సుప్రీంకోర్టు పిల్లలు బోరుబావుల్లో పడిపోతున్న ఘటనలపై మార్గదర్శకాలు ఇస్తూ, కేసింగ్ చుట్టూ నేలకు 0.30 మీటర్ల పైకి, అంతే కిందికి సిమెంటు దిమ్మె కట్టాలని, పనికిరాని బోర్లను పూడ్చాలని చెప్పింది. ప్రాణాలు కాపాడడానికి వచ్చిన ఆదేశమే అయినా, చదివితే పాత చప్టాయే గుర్తొస్తుంది. ఊళ్ళో ఎవరూ చెప్పకుండా కట్టిన దాన్ని దేశంలోని అతి పెద్ద న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది!

సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి మణుగూరు. అక్కడ పగిడేరు దగ్గర వేడినీళ్ళు బోరులోంచి తమంతట తామే పొంగుతాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. చిన్న ప్రయోగమే, కానీ దేశానికి విలువైనది. అక్కడి నేల గ్రానైటు కాదు, గోదావరి లోయ ఇసుకరాయి, బొగ్గు పొరలు. నీరు ఒత్తిడితో పైకి వస్తోందంటే పైన దాన్ని బిగించి ఉంచే పొర ఉన్నట్టు. పైపు చుట్టూ సందు వదిలితే ఆ ఒత్తిడి పక్క పొరల్లోకి జారిపోతుంది, వేడినీటి లవణాలు ఊరి మంచినీటిలో కలుస్తాయి. మామూలు సిమెంటు చాలదా అంటే, వేడిని బట్టి చెప్పాలి. సుమారు 110 డిగ్రీల సెల్సియస్ దాటితే మామూలు సిమెంటు క్రమంగా బలం కోల్పోయి నీటికి దారిస్తుంది. అందుకే లోతు వేడి బావుల్లో దాని బరువులో 35 నుంచి 40 శాతం సిలికా పొడి కలుపుతారు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నచోట అదీ నిలవదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు అలాంటి చోట్ల కోసం కాల్షియం అల్యూమినేట్, ఫాస్ఫేట్, థర్మల్ కేంద్రాల బూడిద కలిసిన సిమెంటును తయారుచేశారు. 1990ల చివర్లో ఇండోనేసియా భూతాప బావుల్లో వాడారు. ఇటుక పొడి చేసిన పనిలాంటిదే ఇక్కడ బూడిదా చేస్తుంది. బెల్లానికీ ఇందులో బంధువులున్నారు. చక్కెర సిమెంటు గట్టిపడడాన్ని గట్టిగా అడ్డుకుంటుంది. వేడిబావి అడుగుకు చేరకముందే సిమెంటు పాలు బిగుసుకోకుండా ఆపే మందులు కూడా అదే పని చేస్తాయి.

పగిడేరు నీటి వేడి 110 డిగ్రీలకు చాలా కింద కాబట్టి ఇంత ఆలోచన దండగ అనేవాళ్ళకు ఒకటే జవాబు. ఆ బోరు దగ్గరే ఆగిపోతామని ఎవరూ అనడం లేదు, వేడి కావాలంటే లోతుకే పోవాలి. పని లోతుకు పోయేనాటికి పూడ్చే సరుకు సిద్ధంగా ఉండాలంటే పరీక్షలు ఇప్పుడే మొదలవ్వాలి. కావలసినవి దగ్గరే ఉన్నాయి. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం బూడిద ఉంది, హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. ఆ బూడిదతో, మణుగూరు నీటితో, అక్కడి వేడిలో నమూనా దిమ్మెలను ఏళ్ళ తరబడి నానబెట్టి చూడాలి. టెండరు కాగితంలో తవ్విన అడుగుల పక్కన, సందు పూడ్చిన పనికి వేరే వరుస, వేరే రేటు రాయాలి.