రద్దీలో ఉన్న సర్వరు ‘పో’ అనదు

“బాబూ, మా అమ్మాయి నంబరు కొడితే రెఫ్యూజ్డ్ అని వస్తోంది. ఫెయిలైనట్టేనా?”

చాలా ఏళ్ళ కిందట పరీక్షా ఫలితాలు పెట్టే ఒక సైటుని చూసుకునేవాణ్ణి. ఫలితాల రోజు ఆఫీసు ఫోనుకి వచ్చిన ప్రశ్న ఇది. “అదేం లేదండీ, జనం ఎక్కువై సర్వరు బిజీగా ఉంది, కాసేపాగి చూడండి” అని పెట్టేశాను. నేను చెప్పిందీ తప్పేనని ఆ రాత్రికి గానీ తెలీలేదు.

ఎందుకు తప్పో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో ఆర్‌ఎఫ్‌సీ 793 వచ్చింది. టీసీపీకి అదే రాజ్యాంగం అన్నమాట. ఏదైనా పోర్టు దగ్గర వినేవాడే లేకపోతే, వచ్చినవాడికి వెంటనే రీసెట్ ప్యాకెట్ పంపమంది. మన తెరమీద ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని కనబడేది అదే. అంటే “ఈ ఇంట్లో ఎవరూ లేరు” అని.

మరి ఇంట్లో మనిషి ఉండి, గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి ఉంటే? ఆ సంగతి 1983లో 4.2 బీఎస్‌డీ తేల్చింది. సాకెట్లు, లిసెన్ అనే కాల్ అందులోనే వచ్చాయి. ప్రోగ్రాము ఇంకా లోపలికి పిలవని కనెక్షన్లు వరసలో నిలబడతాయి. ఆ వరస పొడుగు గరిష్ఠంగా 5. (బీఎస్‌డీ కోడు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి లెక్కేసేది, కాబట్టి నిజానికి 8 పట్టేవి.) వరస నిండితే రీసెట్ పంపదు. వచ్చిన ప్యాకెట్‌ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది.

ఇదేం మర్యాద అనిపిస్తుంది గానీ, దీని వెనక ఆలోచన ఉంది. రిచర్డ్ స్టీవెన్స్ తన యూనిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో వివరించాడు. రద్దీ తాత్కాలికం. జవాబు రాకపోతే క్లయింటే కాసేపాగి మళ్ళీ తలుపు తడుతుంది (లినక్స్‌లో అప్పట్లో 3 సెకన్లకి, తర్వాత 6కి, 12కి). ఈలోపు వరస కదులుతుంది. రీసెట్ పంపితే మాత్రం కథ అక్కడితో సరి. పైగా సర్వరు లేదో, ఉండి తీరిక లేదో అవతలివాడికి తేడా తెలీదు. అందుకే యూనిక్స్ సంతతి సర్వరు రద్దీలో మౌనంగా ఉంటుంది. విండోస్ ఈ విషయంలో వేరే దారి పట్టింది, వరస నిండితే రీసెట్ పంపుతుంది.

వెబ్ వచ్చేసరికి ఆ చిన్న వరస ఏ మూలకీ చాల్లేదు. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద ఎవరో దొంగ చిరునామాలతో సిన్ ప్యాకెట్లు కురిపించారు. సగంలో ఆగిన ఒక్కో కనెక్షను బీఎస్‌డీలో 75 సెకన్లు చోటు ఆక్రమిస్తుంది. వరసంతా దొంగలతో నిండిపోయి అసలు జనానికి చోటు లేకుండా పోయింది. దీనికి విరుగుడుగా ఆ ఏడాదే డాన్ బెర్న్‌స్టీన్ సిన్ కుకీలు సూచించాడు. కనెక్షను వివరాలు తన దగ్గర దాచుకోకుండా, జవాబులోని సీక్వెన్స్ నంబర్లోనే ఇమిడ్చి పంపేయడం. ఇక ఆ వరసలో చోటుతోనే పనిలేదు!

వరస పొడుగు కథ మాత్రం నడుస్తూనే ఉంది. అపాచీ 511 అడుగుతుంది. 512 ఎందుకు కాదంటారా? కొన్ని సిస్టమ్‌లు ఆ అంకెని 8 బిట్లలో దాచేవి. అందులో 512 పెడితే సున్నా అవుతుంది, 511 అయితే 255 మిగులుతుంది. తమాషా ఏమిటంటే, లినక్స్‌లో సోమాక్స్‌కాన్ 128గా ఉన్నన్నాళ్ళూ ఈ 511ని కెర్నెల్ కిక్కురుమనకుండా 128కి కత్తిరించేది. ఆ డిఫాల్ట్ 4096కి పెరిగింది 2019లో, కెర్నెల్ 5.4తో.

సరే, మా సైటు సంగతికొద్దాం. ‘రెఫ్యూజ్డ్’ చూడగానే వరస నిండిందనుకున్నాను. మనుషుల్ని పెంచితే వరస తగ్గుతుంది కదా అని మ్యాక్స్‌క్లయింట్స్‌ని 150 నుంచి 256 చేశాను. ఒక్కో అపాచీ ప్రాసెస్ సుమారు 12 ఎంబీ తినేది. 150 అయితే 1.8 జీబీ, మా 2 జీబీ మెషీన్లో ఎలాగో ఇరుక్కుని సరిపోయేది. 256 అయితే 3 జీబీ! మెషీను స్వాప్‌లో పడి నత్తలా తయారైంది.

ఇంకో ఘనకార్యం కూడా నాదే. సైటు నిమిషం పాటు పలక్కపోతే అపాచీని చంపి మళ్ళీ లేపే స్క్రిప్టు ఒకటి ఎప్పుడో రాసి పెట్టాను. అది నిక్కచ్చిగా తన పని తను చేసింది. రద్దీలో సర్వరు మౌనంగా ఉంటే చచ్చిందనుకుని చంపేసేది. మెషీను అంత నెమ్మదిగా ఉండటంతో అపాచీ లేవడానికి నిమిషాలు పట్టేది. ఆ ఖాళీలో పోర్టు దగ్గర ఎవరూ లేరు కాబట్టి కెర్నెల్ 1981 నాటి నియమం ప్రకారం అందరికీ రీసెట్ పంపింది. ఆ పెద్దాయన చూసింది అదే. సర్వరు బిజీగా లేదు, అసలు లేనే లేదు. లేకుండా చేసింది నేను.

ఆ రాత్రి స్క్రిప్టు తీసేసి, మ్యాక్స్‌క్లయింట్స్‌ని 120కి దించాను. సైటు నెమ్మదిగానే అయినా నిలబడింది.

ఇప్పుడు ముందు లోడ్ బ్యాలెన్సర్లు, ఫైర్‌వాల్‌లు వచ్చాయి, వాటిలో ఏదైనా రీసెట్ పంపొచ్చు. అయినా నా మొదటి ప్రశ్న మారలేదు: రెఫ్యూజ్డా, టైమౌటా? టైమౌటైతే వరసలు చూస్తాను. రెఫ్యూజ్డ్ అయితే ఏ అంకె మార్చకముందు ఎవరు చచ్చారో, ఎవరు చంపారో చూస్తాను. చాలాసార్లు మనం కాపలాకి పెట్టినవాడే దొరుకుతాడు.

ఆ పెద్దాయన మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఆ అమ్మాయి పాసయ్యే ఉంటుందనుకుంటాను. కానీ ఆ పూటంతా ఆ ఇంట్లో వాళ్ళేమనుకుని కూర్చున్నారో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.