పూటకూళ్ళ నుంచి ఏటి ఒడ్డు విందు వరకు

ప్రయాణంలో ఉండగా వచ్చిన పుట్టినరోజును ఏ మేలైన భోజనశాలలో జరుపుకోవాలన్న ప్రశ్న కోనసీమకు కొత్తది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయ మళ్ళీ రెండుగా చీల్చిన ఈ లంకల సీమలో బాటసారి ఎక్కడ తినాలో చాలాకాలం గోదావరే నిర్ణయించింది. పడవ ఆగిన రేవులోనే పొయ్యి వెలిగేది, పడవ కదిలేలోపు చెయ్యి కడుక్కోవలసి వచ్చేది. అందువల్ల ఇక్కడి బాటసారి భోజనం చరిత్రను వంటకాల చరిత్రగా కంటే, నచ్చినచోటు ఎంచుకునే వీలు ఎలా కలిగిందన్న చరిత్రగా చదవడం సమంజసం.

తెలుగునాట సొమ్ము పుచ్చుకుని అన్నం పెట్టే ఇంటికి పాతపేరు పూటకూళ్ళ ఇల్లు. కూడు అంటే అన్నం. ఒక పూటకు సరిపడే అన్నం పూటకూడు. 14, 15 శతాబ్దాల నాటిదిగా పండితులు లెక్కించే, వినుకొండ వల్లభరాయుడి పేరిట ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ ఇలాంటి ఇంటి ప్రస్తావన తెస్తారు. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, పండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇవన్నీ లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరుకుతాయని అందులో ఉంది. వంటకాల పట్టిక, ధర, వండిపెట్టేవారి పేరు మూడూ ఒక్క పద్యంలో ఇమిడి ఉన్న ఈ వర్ణనలో, నేటి ప్రయాణికుడు భోజనశాలను ఎంచుకునేముందు ఆరాతీసే వివరాలన్నీ ఉన్నాయి. ఐదు శతాబ్దాల తరువాత గురజాడ అప్పారావు 1897లో అచ్చువేయించిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఒక పాత్రగానే ప్రవేశించింది, అంటే అప్పటికి ఆ వృత్తి తెలుగు ఊళ్ళలో అందరూ ఎరిగినదే.

పూటకూళ్ళ ఇంటికి ఎదురుగా నిలిచినది సత్రం, అనగా దాతలు ఇచ్చిన మాన్యాల మీద నడిచే ఉచిత వసతి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళివస్తూ రాసుకున్న ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయన్న వివరాలు పదేపదే కనిపిస్తాయి. ఆనాడు తోటి ప్రయాణికులకు అన్నిటికన్నా అవసరమైన సమాచారం అదే.

కోనసీమలో ఈ వ్యవస్థను నీటిదారులు మలిచాయి. 1847–52 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాక పడవలకు బాటలయ్యాయి. వైనతేయ పాయ మీదుగా కాలువనే దాటించిన గన్నవరం అక్విడెక్టు, అంటే నీటిని మోసే వంతెన, ఆ పరిసరాలను రాకపోకల కూడలిగా మార్చింది. ఆ పక్కనున్న లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడక, కులమతాలు అడగక, వచ్చినవారికల్లా అన్నం పెట్టింది. అంతర్వేది తీర్థానికి బయలుదేరిన ఆమె, ఆకలితో తన ఇంటికే వెళ్తున్న ఒక కుటుంబం మాటలు దారిలో చెవిన పడగానే దైవదర్శనం మానుకుని వెనుదిరిగిందని ఈ సీమలో నేటికీ చెప్పుకుంటారు. తరువాతి కాలంలో గన్నవరం వద్ద కట్టిన కొత్త అక్విడెక్టుకూ, 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. కోనసీమలో ఆతిథ్యానికి కొలబద్ద ఈ ఇల్లే. అక్కడి వంటకాల జాబితా ఎవరికీ గుర్తులేదు, అడగకముందే పెట్టిన చెయ్యి మాత్రం గుర్తుంది.

ఇరవయ్యో శతాబ్దిలో బస్సులు పెరిగేకొద్దీ రేవు పొయ్యి బస్టాండుకు చేరింది. విడిది అనే అర్థమున్న ‘హోటల్’ మాట తెలుగులో తినేచోటుకు పేరై, పడుకునేచోటు ‘లాడ్జి’ అయింది. ఉడిపి పద్ధతి కాఫీ హోటళ్ళు ఇడ్లీ, దోసెలను వీధికి తెచ్చాయి. మాంసం వండేచోటు ‘మిలటరీ హోటల్’ అన్న పలక తగిలించుకుంది. అయితే ఈ తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. కులం పేరుతో నడిచే భోజనశాలలు, దళితులకు వేరుగా పెట్టే గ్లాసులు చాలాకాలం సాగినందువల్లనే, 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలో ప్రవేశానికి కులమతాదులు అడ్డురాకూడదని పేరుపెట్టి చెప్పవలసివచ్చింది. చేతిలో సొమ్ము ఉన్నా లోపలికి అడుగుపెట్టే హక్కు లేనివారికి ఎంపిక అన్న మాటకు అర్థం లేదు కనుక, ఈ కథలో వంతెనల కన్నా ముందు చెప్పుకోవలసిన మలుపు ఇదే.

నేడు ‘ఫైన్ డైనింగ్’గా వ్యవహరిస్తున్న పద్ధతి, అంటే ఒద్దికైన బల్ల, శిక్షణ పొందిన వడ్డనవారు, వరుసగా వచ్చే వంటకాలు గల ఖరీదైన భోజనం, వేరే దారిన వచ్చింది. ‘రెస్టారెంట్’ అన్న ఫ్రెంచి మాటకు తొలి అర్థం నీరసం పోగొట్టే మాంసరసం. దానిని అమ్మే అంగళ్ళు 1760ల పారిస్‌లో పుట్టి క్రమంగా భోజనశాలలయ్యాయి. ఒక వంటకం తరువాత మరొకటి తెచ్చే రష్యన్ వడ్డన పందొమ్మిదో శతాబ్దిలో ఐరోపా అంతటా వ్యాపించింది. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కారు ప్రయాణికుల కోసం అచ్చువేసిన దారి పుస్తకం 1926 నుంచి భోజనశాలలకు నక్షత్రాలు ఇచ్చింది. మూడు నక్షత్రాలంటే ఆ ఒక్క భోజనం కోసమే ప్రయాణం కట్టవచ్చునని భావం. విస్తరి సంప్రదాయం వేరైనా, అందులోనూ వరుస ఉంది. కొస ఎడమవైపు ఉండేలా పరిచిన అరిటాకులో పై వరుసన కూరలు, పచ్చళ్ళు, కింద అన్నం ఉంచుతారు. పప్పు, పులుసు, చారు, పెరుగు అన్న క్రమాన్ని వడ్డించేవారితోపాటు తినేవారూ పాటిస్తారు. కాబట్టి వరుస తప్పని వడ్డన ఈ నేలకు కొత్తకాదు, దానికి ఒద్దికైన బల్ల, పెద్ద ధర తోడవడమే కొత్త.

పుట్టినరోజు కూడా ఇంటి గడప దాటి బయటికి వచ్చినది ఇటీవలే. తిథినో జన్మనక్షత్రాన్నో బట్టి తలంటు, కొత్తబట్టలు, పాయసం, పెద్దల అక్షింతలతో అది ముగిసేది. ఊరంతా తినే సందర్భం అరవై ఏళ్ళు నిండినప్పుడు జరిగే షష్టిపూర్తికే దక్కేది. పుట్టినవారు పదిమందికి పెట్టడం పాతపద్ధతి, పుట్టినవారికి పదిమంది విందు ఇవ్వడం కొత్తపద్ధతి. గుడిలో నిత్యాన్నదానానికి పుట్టినరోజు పేరిట విరాళం కట్టి, సాయంత్రం కేకు కోసే కుటుంబాలలో ఈ రెండూ ఒకేరోజు కలిసి బతుకుతున్నాయి.

ఎంపికను నిజంగా విస్తరించినవి వంతెనలు. జొన్నాడ, సిద్ధాంతం వంతెనలు రావులపాలేన్ని సీమకు ముఖద్వారం చేశాయి. 2002లో తెరుచుకున్న యానాం–ఎదుర్లంక బాలయోగి వారధి, దిండి–చించినాడ వంతెన మిగిలిన రెండు దిక్కులనూ కలిపాయి. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల్లో పంటులు, అంటే మనుషులనూ వాహనాలనూ కలిపి దాటించే పెద్ద పడవలు, మిగిలాయి గాని, వేచి ఉండే ప్రయాణికుడు తగ్గాడు. రేవు దగ్గర ఆగక తప్పని బాటసారి స్థానంలో, ఏటిని చూడడానికే ఆగే యాత్రికుడు వచ్చాడు. రాజోలు వైపు దిండిలో వసిష్ఠ ఒడ్డున పర్యాటకాభివృద్ధి సంస్థ రిసార్టు, ఇంటిపడవలు అతని కోసం వెలిసినవే. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లాకేంద్రమైంది. ఆ పట్నంలోనూ రావులపాలెంలోనూ ఇప్పుడు చల్లని గదుల భోజనశాలల మధ్య ఎంచుకోవచ్చు.

అయితే ఇక్కడ నక్షత్రాల పుస్తకం ఏదీ దారి చూపదు, కాలమే చూపాలి. గోదావరికి ఎర్రనీరు వచ్చే ఆషాఢ, శ్రావణ, భాద్రపదాలలో సముద్రపు విలస చేప ఏటికి ఎదురీది పులసగా మారుతుంది. సంక్రాంతి నాటి పుట్టినరోజుకు బల్లమీదికి వచ్చే పులస నిలవదో, వేరే రాష్ట్రపు విలసో కావచ్చు. పనసాకులను కొబ్బరి ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలుగా చేసి, వాటిలో ఇడ్లీపిండి పోసి ఆవిరికి ఉడికించే పొట్టిక్కలకు అంబాజీపేట పేరుపడింది. అది పొద్దుటిపూట ఫలహారం. బోర్లించిన కుండమీద బియ్యపు పాలలో ముంచిన గుడ్డను ఒక్క లాగు లాగితే రెక్కగా విడివచ్చే ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది; కేకు బదులు దానిని కోరవచ్చు. బిల్లు విషయానికి వస్తే, ఖరీదైన గదులున్న హోటళ్ళు మినహా భోజనం మీద జీఎస్టీ మామూలుగా 5 శాతం. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇన్ని ఆరాల తరువాత కూడా ఈ సీమలో మంచి భోజనం ముందుగా చెప్పుకున్నవారికే దక్కుతుంది. మట్టిదాకలో సన్నని సెగమీద బెండకాయలతో ఉడికిన పులస పులుసు దించిన పూటకన్నా మరునాటికి రుచి తేరుతుంది. ముక్కలోకి పులుపు దిగడానికి ఒక రాత్రి పడుతుంది. కనుక రేపటి పుట్టినరోజు విందు, అతిథి ఇంకా దారిలో ఉండగానే, ఈ రాత్రే పొయ్యి దిగి మూత కింద ఉండాలి.