చామంతి పూత: పొద్దు, చలి (చేవెళ్ల, మొయినాబాద్)

చామంతి హ్రస్వదీప్తి మొక్క. రాత్రి పొడుగైతేనే కొమ్మ చివర మొగ్గ కడుతుంది. అంతదాకా ఆకులు, పిలకలతో ఏపుగా పెరుగుతుంది. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. ఈ రెండు గంటల తేడాకు వానలు వెలిశాక దిగే చలి తోడై, వానాకాలంలో నాటిన తోటను పూతకు తెస్తుంది.

చైనాలో వెయ్యేళ్లకు పైగా చామంతి పెంచినా, అది చలివేళకే ఎందుకు పూస్తుందో 20వ శతాబ్దం దాకా తేలలేదు. అమెరికాలో శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ 1918 వేసవిలో, పొలంలో ఎంత ఎదిగినా పూయని మేరీలాండ్ మామత్ పొగాకును కుండీల్లో ఉంచి, సాయంత్రం 4 గంటలకు చీకటి కొట్టంలోకి చేర్చి, మర్నాడు 9 గంటలకు బయట పెట్టారు. అది పూసింది. 1920లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ చామంతి మీదే అద్భుతమైన ప్రయోగం చేశాడు. పైకొమ్మ ఆకులన్నీ తుంచి, కింది ఆకులకు మాత్రమే పొద్దు కురచ చేస్తే, ఆకులేని కొన పూసింది. పొద్దును కొలిచేది ఆకు, పూసేది కొన. నడుమ నడిచే సంకేతానికి 1936లో ఆయన ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి మొక్కతో అసలు లెక్క రాత్రిదేనని చూపారు: నడిరేయి కాసేపు వెలుగు పడితే పూత ఆగుతుంది. ఆ వెలుగును పట్టే ఫైటోక్రోమ్‌ను 1959లో గుర్తించారు. ఫ్లోరిజెన్ ఒక ప్రోటీన్ అని 2007లో తేలింది.

ఉష్ణోగ్రత పాత్రా తక్కువది కాదు. రాత్రివేళ 16–18 డిగ్రీలు మొగ్గకు అనుకూలం. 30 దాటితే పొద్దు కురచైనా మొగ్గ ఆలస్యమవుతుంది. ఇక్కడే పండే మరో పువ్వు జర్బెరాకు పొద్దు పట్టింపు తక్కువ, ఎండ పట్టింపు ఎక్కువ. అందుకే ఇక్కడి పాలీహౌస్‌లలో వేసవిలో నీడవల కప్పుతారు.

ఈ ప్రాంతం ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాల పరీవాహకంలో ఉండడంతో 1996 నాటి 111వ నంబరు జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. హైదరాబాద్ నగరం చేరువలో ఉన్నా ఇక్కడ పూలు, కూరగాయల సాగు నిలిచింది. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరతాయి.

శీతాకాలంలో నాటిన చామంతి నారు సరిగా ఎదగకముందే మొగ్గ తొడిగితే పూలు చిన్నవై, దిగుబడి పడిపోతుంది. దాన్ని ఆపేందుకు సాళ్ల మీదుగా తీగలు లాగి, రాత్రి బల్బులు వెలిగిస్తారు. మొక్క తగినంత ఎదిగాక దీపాలు ఆపేస్తారు. రకాన్ని బట్టి ఏడు నుంచి పది వారాలకు పూలు కోతకొస్తాయి. ఉగాదికి పూలు కావాలనుకున్న రైతు ఆ వారాలను పండగ నుంచి వెనక్కి లెక్కేసి స్విచ్ ఆపుతాడు.