మేకు పోయింది, పనితనం పోలేదు



మొన్న రాత్రి హాస్టల్‌లో మా మధ్య పెద్ద వాదనే జరిగింది. మిషన్లు వచ్చాక చేతిపనికి కాలం చెల్లింది, ఇక మ్యూజియంలో పెట్టుకోవడానికే అని కొందరం అన్నాం. కాదు, పెద్దలు చేసినట్టే చేస్తూ కాపాడుకోవాలి అని కొందరం. తెగలేదు. ఆ తర్వాత జపాన్‌లోని ఒక ఊరి చరిత్ర చదివాం. రెండు వైపులా ఆలోచనలో పడ్డాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఊరి పేరు త్సుబామె, నీగత ప్రాంతంలో ఉంది. జపాన్‌లో అన్నిటికంటే పొడవైన షినానో నది ఆ వైపే పారుతుంది. వరద వస్తే వరి పొలాలు మునిగేవి. పంట పోతే బతుకెట్లా? సుమారు 400 ఏళ్ల కిందట అక్కడి రైతులు సేద్యంతో పాటు ఇనప మేకులు కొట్టడం నేర్చుకున్నారు. ఇప్పటి టోక్యోను అప్పుడు ఎదో అనేవాళ్లు. అన్నీ చెక్క ఇళ్లే కాబట్టి తరచూ తగలబడేది. మళ్లీ కట్టాలంటే మేకులు కావాలి కదా, గిరాకీ ఉండేది.

తర్వాత దగ్గర్లోని గని నుంచి రాగి వచ్చింది. రాగి రేకును సుత్తితో కొట్టి పాత్రగా మలిచే పనిని త్సుయికి అంటారు. కొట్టేకొద్దీ రాగి గట్టిపడుతుంది, నిప్పులో కాల్చి మెత్తబరిచి మళ్లీ కొట్టాలి. 1816లో మొదలైన గ్యొకుసెన్‌దో అనే సంస్థ ఇప్పటికీ ఇదే పని చేస్తోంది. అక్కడ కెటిల్ కొమ్మును కూడా అతుకు లేకుండా అదే రేకులోంచి తీసే పనివాళ్లున్నారు.

1868లో మెయిజి పాలన మొదలయ్యాక విదేశీ సరుకు దిగింది. మిషన్ మేకులు చవగ్గా దొరుకుతుంటే చేతి మేకు ఎవరు కొంటారు? వందల ఏళ్ల పని పోయింది. అయినా ఊరు మూతపడలేదు. ఆకురాళ్లు, పొగ పీల్చే గొట్టాలు, రాగి సామాన్ల వైపు మళ్లింది. 1911లో టోక్యో వ్యాపారి నుంచి స్పూన్లు, ఫోర్కుల ఆర్డరు వచ్చింది. వాళ్లు తినేది పుల్లలతో! తమ ఇంట్లో వాడని వస్తువును కూడా చేతితో చేసి ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఆర్డర్లు పెరిగాయి. ప్రెస్సు మిషన్లు వచ్చాయి, తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. అమెరికాకు ఎంత సరుకు పోయిందంటే, 1959లో ఆ దేశం ఇలాంటి దిగుమతులకు కోటా పెట్టాల్సి వచ్చింది. 1991లో నోబెల్ విందు బల్ల మీదికి కొత్త స్పూన్లు, ఫోర్కులు వెళ్లాయి. చేసింది త్సుబామెలోని కంపెనీయే.

2001లో వచ్చిన ఐపాడ్ గుర్తుందా? దాని వెనుక భాగం అద్దంలా మెరిసేది. తొలి రోజుల్లో దాన్ని అలా రుద్ది మెరిపించింది ఈ ఊరి పాలిషింగ్ పనివాళ్లే. తిరిగే చక్రానికి స్టీలును ఎంత నొక్కాలో చేతికే తెలియాలి. ఐపాడ్ మీద మాత్రం వాళ్ల పేరు లేదు.

ఇదంతా గొప్పగా సాగిందని అనుకోవద్దు. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ పెరిగి ఎగుమతులు దెబ్బతిన్నాయి. చవక పని వేరే దేశాలకు పోయింది. పాలిషింగ్ షాపుల్లో ముసలివాళ్లు మిగిలారు, నేర్చుకునే పిల్లలు తగ్గారు. అప్పుడు 2003లో కొన్ని చిన్న షాపులు ఒక జట్టు కట్టి, ఆర్డర్లు కలిసి తీసుకోవడం మొదలుపెట్టాయి. 2007లో ఊరు పాలిషింగ్ నేర్పడానికి ఒక కేంద్రమే పెట్టింది.

ఇది చదివాక మాకు అర్థమైంది ఇదీ. వాళ్లు మేకును కాపాడలేదు. లోహం తెలిసిన చేతిని కాపాడుకున్నారు. అదీ ఒంటరిగా కాదు. ఆర్డరు తెచ్చే వ్యాపారి, మిషన్, జట్టు, నేర్పే చోటు అన్నీ ఉంటేనే చెయ్యి నిలబడింది.

మన ఇళ్లల్లో వెదురు అల్లే చేతులున్నాయి. ప్లాస్టిక్ వచ్చి బుట్ట అమ్ముడుపోకపోవచ్చు, అల్లే చెయ్యి ఇంకా ఉంది. దానికి కొత్త వస్తువు, కొత్త ఆర్డరు ఎవరు చూపిస్తారు? మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మనం, అది చదువులేనివాళ్ల పని అని తల తిప్పుకుంటే ఇంకెవరు చూస్తారు?

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మ, తాత ఏం చేయగలరో అడగండి. ఏం చేశారని కాదు, ఏం చేయగలరని. తెలిసింది కింద రాయండి, మేమూ రాస్తాం.